సున్నపు గోడకు సిమెంటు కోటు

1946, మాఘమాసం, బందరు. అప్పటికి నేను ఓవర్సీరు పరీక్ష ప్యాసై నాలుగేళ్ళు. కాపురం బెజవాడలో, పనులు ఎక్కడ దొరికితే అక్కడ. ఓవర్సీరు అంటే కట్టడం పనులను పైనుంచి చూసేవాడు అని మా మాస్టారు అర్థం చెప్పారు. పైపైన చూసేవాడు అనే అర్థం కూడా ఉందని నేను సొంతంగా కనుక్కున్నాను. ఆ కనుక్కోవడానికి ఒక ఇంటి ముందుగోడ, ఒక పెద్దమనిషి అన్నం ఖర్చయ్యాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను కట్టించిన వాటి గురించి చెప్పమని చాలామంది అడిగారు గానీ, నాకు నిద్రలో గుర్తొచ్చేది మాత్రం పడగొట్టించుకున్నదే.

బందరు పాతపేటలో బారు ఇళ్ళ వీధి అని ఒకటి ఉండేది. ఒకే వరసలో పద్దెనిమిది ఇళ్ళు, అన్నీ చేనేత బట్టల వర్తకులవి. ఓడల మీద బట్ట పోయిన కాలంలో కట్టుకున్నవి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ముందు ఎత్తు అరుగులు, టేకు స్తంభాలు, గుమ్మాల పైన గచ్చుతో మలచిన పూలు, చిలకలు. గచ్చు అంటే తెలియని పిల్లల కోసం చెబుతాను. సున్నమూ ఇసుకా కలిపి గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి నానబెట్టి గోడకు వేసే పూత అది. సిమెంటు రాకముందు మన ఇళ్ళ ఒంటికి చర్మం అదే.

ఈ మధ్య పెద్ద పట్నాల్లో పాత ఇళ్ళ ముఖాలు చెడిపోకుండా చట్టాలు చేస్తున్నారని పేపర్లో చదివాను. ఆ వీధివాళ్ళకు చట్టం అక్కర్లేకపోయింది, ఒక మాట ఉండేది. గడప లోపల మీ ఇష్టం, గడప బయట వీధి ఇష్టం. అరుగు ఎత్తు మార్చకూడదు, పూలు చెక్కేయకూడదు, సొంత రంగు వేసుకోకూడదు. ఉగాది వెళ్ళాక, మృగశిర రాకముందు, ఒక్క వారంలో పద్దెనిమిది ఇళ్ళకూ ఒకే సున్నం పడాలి. అందులో చిటికెడు నీలిమందు. అద్దకం బట్టలమ్మే వీధి కదా. లోపల తోడికోడళ్ళ మధ్య మాటలు లేకపోయినా బయటికి మాత్రం ఇళ్ళన్నీ అక్కచెల్లెళ్ళలా ఉండేవి.

ఆ ముఖాలన్నిటినీ చూసుకునేవాడు మస్తాన్ సాయిబు. అరవై దాటిన మనిషి. సున్నం ఎగిరి ఎగిరి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆయన తండ్రి మలచిన పూలు కొన్ని ఆ గుమ్మాల మీదే ఉన్నాయి. వీధి చివర ఆయనకొక సున్నం గానుగ, ఒక ఎద్దు. ఆ వీధి పని ఆయన ఇంటి పని, ఆయన ఇంటి అన్నం ఆ వీధి పని. వేరే ఊళ్ళకు పోయి పని చేసిన మనిషి కాడు.

చిక్కల్లా చెమ్మతో వచ్చింది. బందరు మట్టిలో ఉప్పు, గాలిలో ఉప్పు. నేలలోంచి నీరు గోడలోకి ఎక్కుతుంది. ఎక్కిన నీరు ఆరినప్పుడు ఉప్పు పైకి వచ్చి పూత పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఏటా నడుం ఎత్తు దాకా రాలేది. ఏటా మస్తాన్ సాయిబు దాన్ని గీకి కొత్త గచ్చు వేసేవాడు. మరుసటి ఏడు మళ్ళీ రాలేది. వీధి పెద్ద నరసయ్యగారికి ఇది నచ్చలేదు. మనిషి మంచివాడే, బేరంలో పెరిగినవాడు. నన్ను బెజవాడ నుంచి పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు.

"ఏటా రాలిపోయే పని ఏం పనండీ ఓవర్సీరు గారూ? మా బట్ట ఏటా చిరిగితే బేరగాడు ఊరుకుంటాడా?"

పక్కన కూర్చున్న ఆయన నవ్వాడు. "రాలకపోతే సాయిబుకి పనెక్కడిదండీ?"

అందరూ నవ్వారు. మజ్జిగ తాగుతున్నాను గనక నేను కాస్త ఆలస్యంగా నవ్వాను. కానీ నవ్వాను.

గోడలన్నీ చూశాను. నా చేతిలో టేపు ఉంది, జేబులో పరీక్ష కాగితం ఉంది, వయసు ఇరవై ఆరు. ఈ మూడూ ఒకచోట చేరితే మనిషికి సందేహాలు తక్కువ. సిమెంటు ప్లాస్టరు వేస్తే చెమ్మ బయటికి రాదు, పెచ్చులు రాలవు, ముప్పై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు అని చెప్పాను. అప్పటికి యుద్ధం ముగిసింది గానీ కంట్రోలు ముగియలేదు, పర్మిట్ లేనిదే సిమెంటు బస్తా కదిలేది కాదు. దాని కోసం నేను తిరిగిన తిరుగుడుకు గోడల కంటే ముందు నా చెప్పులకు సిమెంటు వేయించాల్సింది. చివరికి దొరికింది ఆరిళ్ళకు సరిపడా. చెమ్మ ఎక్కువగా ఉన్న ఆరిళ్ళు ముందు చేద్దాం, మిగతావి తర్వాత అనుకున్నాం. అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్నది సుబ్బమ్మగారి ఇల్లు. ఆవిడ భర్త పోయాక అరుగు మీదే తానులు పరిచి బట్ట కొలిచి అమ్ముకుంటూ ఒంటరిగా ఉండేవారు. ఆ ఇంటితోనే మొదలుపెట్టాం.

తాపీ మేస్త్రీలను బెజవాడ నుంచి తెచ్చుకున్నాను. మస్తాన్ సాయిబును పాత గచ్చు గీకి చదును చేసి ఇమ్మన్నాం. గుమ్మం పైన పూల జోలికి పోకుండా, ఆయన గచ్చు మీదే మా సిమెంటు కోటు వేయాలని నా ఎత్తు. పూలూ దక్కుతాయి, పనీ తేలిక. ఆయన రెండు రోజులు మాట్లాడకుండా గీకాడు. మూడోనాడు నేను పరంజా మీద ఉంటే కిందినుంచి పిలిచాడు.

"బాబూ, ఒక్క మాట."

"చెప్పు సాయిబూ."

"ఈ గోడ నీళ్ళు తాగుద్ది. తాగింది కక్కుద్ది. మీరు నోరు మూసేస్తే ఎటు కక్కుద్ది?"

"తాగకుండానే చేస్తున్నాం గదా."

"పైనుంచి మూస్తన్నారు. అది తాగేది కాళ్ళతో."

మేస్త్రీలు పని ఆపి చూస్తున్నారు. వాళ్ళ ముందు ఆలోచించడం నాకు నామోషీ అనిపించింది.

"సైన్సు మారింది సాయిబూ," అన్నాను.

"సైన్సు మారిందేమో బాబూ. సముద్రం మారలేదుగా."

మేస్త్రీలు నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. ఆయన చేతిలో ఉన్న పెచ్చును నలిపి చూపించాడు. "ఇది రాలతంటే మీరు తప్పనుకుంటన్నారు. రాలటమే దీని పని. ఇది పోయి ఇటికని నిలబెట్టుద్ది. మా నాయన చెప్పింది అంతే. మీ చదువులో ఇంకోలా ఉంటే నాకు తెలవదు."

నా చదువులో ఆ మాట లేదు. లేని మాటను నమ్మే అలవాటు నాకు అప్పటికి లేదు. పరంజా మీద నిలబడి దర్జాగా చూస్తే కింద ఉన్నవాడి మాట ఎప్పుడూ కాస్త చిన్నదిగానే వినిపిస్తుంది.

కోటు వేశాం. క్యూరింగు చేయించాను, అంటే పూత తొందరగా ఎండి పగలకుండా రోజుల తరబడి గోనెపట్టాలు కప్పి తడపడం. పట్టాలు తీసి, పైన నీలిమందు సున్నం కొట్టాక ఆ ఆరిళ్ళూ మెరిసిపోయాయి. వీధంతా వచ్చి గోడలను అరచేత్తో నిమిరింది. కోటు వేస్తే ఇల్లు కోట అయిపోయినట్టే నాకూ అనిపించింది. సుబ్బమ్మగారు మాత్రం ఒక మాటన్నారు.

"నున్నగానే ఉందండీ. కానీ ఎండాకాలం ఈ గదిలో చల్లగా ఉండేది. ఇప్పుడు ఎవరో తలుపేసినట్టుంది."

అలవాటైపోతుందని చెప్పాను.

మొదటి వానాకాలం ఏమీ కాలేదు. ఏటా రాలేది రాలలేదు. నరసయ్యగారు నాకు ఉత్తరం రాశారు. నేను దాన్ని నలుగురికీ చదివి వినిపించాను. ఆ సంక్రాంతికల్లా మస్తాన్ సాయిబుకు ఆ వీధిలో పన్నెండిళ్ళే మిగిలాయి. సిమెంటు దొరికితే అవీ పోతాయని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. ఎద్దుకు మేత తగ్గించాడని ఎవరో అన్నారు. ఆ మాట నాకు గోడ పడ్డాక గుర్తొచ్చింది.

1947 ఆశ్వయుజంలో మూడు రోజులు ఆగకుండా వాన కురిసింది. మూడో రోజు పొద్దున్న, అరుగు మీద తానులు జల్లు పడి తడుస్తాయని సుబ్బమ్మగారు లోపలికి చేరవేస్తున్నారు. రెండో విడత వెనకగదిలో పెట్టి ఇటు తిరిగేసరికి ముందుగోడ లేదు. దూలాల చివర్లు గోడలోంచి ఊడి, పైకప్పు ముందుభాగం పెంకులతో సహా అరుగు మీదికి దిగింది. ఆవిడకు దెబ్బ తగల్లేదు. తగిలి ఉంటే ఈ కథ నేను రాయగలిగేవాణ్ణి కాను.

తంతి అందుకుని మర్నాడు రైల్లో బందరు వెళ్ళాను. వాన వెలిసింది. కోటు ముక్కలు ముక్కలు కాలేదు. పెద్ద అప్పడం జారిపడ్డట్టు పలకలు పలకలుగా పైన పడి ఉంది. దాని కింద ఇటుకలు, గచ్చు, బురద. వీధి పెద్దలంతా ఎదురింటి అరుగు మీద చేరారు. మస్తాన్ సాయిబు కింద, మెట్టు దగ్గర నిలబడ్డాడు.

నరసయ్యగారు గొంతు పెంచలేదు. "ఎందుకు పడిందండీ?"

అడిగింది ఒక్క ముక్కే. నాకు మాత్రం నా పరీక్ష కాగితం, పర్మిటు, నలుగురికీ చదివి వినిపించిన ఉత్తరం అన్నీ ఒకేసారి వినిపించాయి. గోడకు చెమ్మ, నాకు చెమట.

"కోటుకు ఏం కాలేదండీ, చూడండి, పగల్లేదు కూడా," అన్నాను. "కింద ఉన్న పాత గచ్చు సత్తువ పోయింది. ఆధారం లేక కోటు జారింది. దాంతోపాటు గోడనూ లాక్కుపోయింది."

మాట నోట్లోంచి వస్తుండగానే అది నిజమేమో అని నాకే అనిపించింది. అబద్ధానికి అదే పెద్ద సౌకర్యం. రాసి ఇమ్మన్నారు. రాసి ఇచ్చాను. 'కారణం: పాత సున్నపు పూత బలహీనత' అని రాసి కింద సంతకం పెట్టాను.

మస్తాన్ సాయిబు అడిగాడు. "గచ్చు నాదేనండీ. కాదనను. తీసి చూసి రాశారా బాబూ, చూడకుండా రాశారా?"

"చూశాను," అన్నాను.

నేను చూసింది కుప్ప మీదినుంచి. ఒక్క పలక కూడా తిరగేయలేదు.

అరుగు మీదినుంచి ఎవరో అన్నారు. "ఇంకేం కావాలి? వాళ్ళ పనే అంత." అంతకు ముందెప్పుడూ ఆ వీధిలో మస్తాన్ సాయిబు 'వాళ్ళు' కాలేదు. ఉత్తరాది విభజన అల్లర్ల వార్తలు పేపర్లలో చదివి, నిన్నటిదాకా పక్కన కూర్చున్న మనిషిని కొత్తగా చూసే చూపు మా వైపుక్కూడా కొద్దికొద్దిగా వస్తున్న రోజులవి. నా కాగితం ఆ చూపుకు ఆధారంగా పనికొచ్చింది. ఇకమీదట బయటి గోడలు ముట్టుకోవద్దని నరసయ్యగారు ఆయనకు చెప్పారు. ఆయన తలపాగా తీసి, ముఖం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడు వారాలకు, గోడ మళ్ళీ కట్టడానికి కొలతలు తీసుకుందామని వెళ్ళాను. సుబ్బమ్మగారు ముందుగదికి తాటాకు తడక కట్టించుకుని వెనకగదిలో ఉంటున్నారు. నన్ను చూసి చాప వేశారు. కూర్చోగానే పెరట్లోంచి రోకలీ, ఒక గచ్చు పెచ్చూ తెచ్చి నా ముందు పెట్టారు.

"ఓవర్సీరు గారూ, ఇది కాస్త కొట్టండి."

"ఎందుకండీ?"

"కొట్టండి, చెప్తాను."

కొట్టాను. రోకలి ఎగిరొచ్చింది. పెచ్చు అంచు మాత్రం కొంచెం చిట్లింది.

"ముగ్గులోకి కాస్త సున్నప్పొడి కావాలని నిన్న పొద్దుట్నించీ కొడుతున్నానండీ. చేతులు బొబ్బలెక్కాయి గానీ ఇది పొడి కాలేదు. సత్తువ పోయిందని రాశారుగా మీరు. సత్తువ పోయింది ఇట్టా ఉంటే ఉన్నది ఎట్టా ఉండేదండీ?"

ఆవిడ ఎగతాళి చెయ్యడం లేదు. నిజంగా అడుగుతున్నారు. 

లేచి బయటికి వెళ్ళాను. గోడలో పక్కింటిని ఆనుకుని ఒక జానెడు వెడల్పు ముక్క ఇంకా నిలబడి ఉంది, మా కోటుతో సహా. ఉలి తీసుకుని కోటును లేపాను. దాని వెనక ఇటుకల మీదినుంచి నీళ్ళు సన్నగా దిగాయి. వాన పోయి మూడు వారాలైనా గోడ లోపల వాన పోలేదు. పైన కార్నిసు కింద, అంటే గోడ తలమీద ముందుకు వచ్చే ఆ అంచు కింద, వెంట్రుక వాసి పగులు ఉంది. అందులోంచి పైనుంచి నీరు, కాళ్ళతో కిందినుంచి నీరు. బయటికి దారి నేనే మూశాను. ఇటుకను వేలితో నొక్కితే తడిసిన బెల్లంలా దిగబడింది. ఊడిపడిన దూలం చివర పట్టుకుని పిండాను. టేకు చెక్క, బట్ట పిండినట్టు నీళ్ళు కార్చింది. ఆ బెల్లం లాంటి ఇటుకకూ మా కోటుకూ మధ్య సాయిబు గచ్చు ఒక్కటే గట్టిగా ఉంది.

సుబ్బమ్మగారు తడక పక్కన నిలబడి చూస్తున్నారు. "ఏవైందండీ?"

"గచ్చు బాగానే ఉందండీ," అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి రోకలి తీసి పక్కన పెట్టేశారు. 

అక్కణ్ణుంచి తిన్నగా మస్తాన్ సాయిబు ఇంటికి వెళ్ళాను. గానుగ ఆగిపోయి ఉంది. రాయి తిరిగే గాడిలో ఎండుటాకులు. ఎద్దు లేదు. ఆయన వసారాలో కూర్చుని ఎవరిదో మంచానికి నులక అల్లుతున్నాడు. సున్నానికి అలవాటైన వేళ్ళు నులకను సరిగ్గా పట్టుకోవడం లేదు.

"రండి బాబూ," అని పీట చూపించాడు.

కూర్చోకుండానే చెప్పేశాను. గచ్చులో తప్పు లేదని, తప్పు నా కోటుదని, ఆ రోజు తీసి చూడలేదని, చూశానని చెప్పింది అబద్ధమని. వాక్యాలు ఎలా వచ్చాయో తెలియదు గానీ మొత్తానికి అన్నీ వచ్చాయి. ఆయన అల్లడం ఆపలేదు.

"నాకు తెలుసు బాబూ."

"క్షమించమని అడగడానికి వచ్చాను సాయిబు గారూ."

ఆయన తలెత్తాడు. "తెలిసినోడికి వచ్చి చెబితే ఏం లాభం బాబూ? నాకు తెలిసిందే మళ్ళీ నాకు చెప్పి మీరు తేలిగ్గా ఎల్లిపోతారు. తెలవనోళ్ళు ఆ అరుగు మీద కూసున్నారు. మీ కాగితం కూడా వాళ్ళ కాడే ఉంది."

నేను నిజంగానే తేలిగ్గా వెళ్ళిపోదామని వచ్చాను. సాయంత్రం రైలు కూడా చూసి పెట్టుకున్నాను. ఆ రైలు వదిలేశాను.

మర్నాడు పొద్దున్న నరసయ్యగారి అరుగు మీద పదిమంది చేరారు. నా కాగితం తిరిగి ఇప్పించమని అడిగి, దాని వెనకవైపే రాశాను. కోటు నేను వేయించానని, గచ్చు బలంగా ఉందని, గోడ లోపల నీరు నిలిచి పడిందని, మొదటి కాగితం చూడకుండా రాసిందని. రాసి, పైకి చదివాను. 

 అప్పుడు ఒకాయన మెల్లగా అడిగాడు.

"మరి మా అయిదిళ్ళ సంగతేంటండీ?"

ఆయన ఇల్లు ఆ ఆరింటిలో ఒకటి. అక్కడ కూర్చున్నవాళ్ళలో మరో ఇద్దరి ఇళ్ళు కూడా. నేను ఒక మనిషి పేరు కడగడానికి వచ్చాను. వాళ్ళకు వినిపించింది వాళ్ళ నెత్తిమీది కప్పు. అదీ న్యాయమే.

నరసయ్యగారు లేచారు. "సాయిబుని పిలుచుకు రండి." ఒక్క క్షణం ఆగి, "వద్దులే, నేనే వెళ్తాను," అన్నారు. ఆ ముసలాయన కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్ళి ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు.

మస్తాన్ సాయిబు అయిదు గోడల దగ్గరా ఆగి వేళ్ళ వెనకవైపుతో తట్టాడు. చెవి ఆనించాడు. కొన్నిచోట్ల ఖంగుమంది, కొన్నిచోట్ల డొల్లగా మోగింది. నాలుగో ఇంటి దగ్గర, కోటు తీసేయవచ్చేమో చూద్దామని నేను అడిగితే, గుమ్మం పైమూల పక్కన ఒక జానెడు మేర ఉలి పెట్టాడు. కోటు వచ్చింది. దానితోపాటు గచ్చూ వచ్చింది. గచ్చుతోపాటు అంచున ఉన్న పూవులో రెండు రేకులు వచ్చి ఆయన అరచేతిలో పడ్డాయి. ఆయన వాటిని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇది మా నాయన చేసింది," అన్నాడు. ఉలి కింద పెట్టేశాడు.

"ఇంక తియ్యొద్దు బాబూ. కోటు లాగితే తోలు ఊడొస్తది. రెండూ అతుక్కుపోయినయి. తియ్యటానికి లేదు, ఉంచటానికి లేదు."

"మరేం చెయ్యాలి?" నరసయ్యగారు అడిగారు.

"పైన పగుళ్ళు గచ్చుతో మూయండి, పైనుంచి నీళ్ళు దిగవు. కింద మూరెడు ఎత్తున కోటు కోసెయ్యండి, అక్కణ్ణించి కక్కుద్ది. కొన్నాళ్ళు నిలబడతయి. ఎన్నాళ్ళు అని నన్నడగొద్దు."

అలాగే చేశాం. నరసయ్యగారు అందరి ముందూ వీధి పని మళ్ళీ ఆయన్నే చూసుకోమన్నారు. ఆయన తలాడించలేదు.

"సుబ్బమ్మ తల్లి గోడ కట్టిస్తాను. అది నా గచ్చుని తప్పు పట్టిన గోడ. తర్వాత నన్నొదిలేయండయ్యా. ఎద్దు లేదు. పట్టుకుని నేర్చుకునేవోడు లేడు. మా అల్లుడు రైల్లో ఖలాసీ పనికి పోయాడు, ఈ ఎర్రకళ్ళు నాకొద్దన్నాడు."

ఆ గోడకు సున్నం రుబ్బడానికి అరువెద్దు తెచ్చాం. బెల్లం నేనే ఉయ్యూరు నుంచి మోసుకొచ్చాను. పాపపరిహారం కొంత తియ్యగా ఉండాలి గదా అని నవ్వబోయాను గానీ ఎవరూ నవ్వలేదు. ఆయన పరంజా ఎక్కలేకపోయాడు. కింద కుర్చీలో కూర్చుని చెబుతుంటే తాపీ పట్టుకుని నేనూ ఒక మేస్త్రీ వేశాం. నా పూత రెండుసార్లు జారింది. "కోటు వేసే చేతికి గచ్చు రాదు బాబూ, కొంచెం బతిమాలండి," అన్నాడు. ఆ నెలరోజుల్లో ఆయన నాతో నవ్వుతూ మాట్లాడింది అదొక్కసారే. గుమ్మం పైన పూలు పెట్టమని సుబ్బమ్మగారు అడిగారు. ఆయన వేళ్ళు చూపించి వద్దన్నాడు. ఆ గుమ్మం ఖాళీగానే ఉండిపోయింది.

గోడ పూర్తయ్యాక మస్తాన్ సాయిబు మళ్ళీ ఆ వీధికి రాలేదు. నాలుగేళ్ళ తర్వాత పోయాడని విన్నాను. నేను బందరులోనే ఇంకో పనిమీద ఉండి, పోయిన పది రోజులకు విన్నాను. మిగిలిన పన్నెండిళ్ళకు సున్నం కొట్టేవాళ్ళు దొరక్క, ఒకరు పసుపు, ఒకరు ఆకుపచ్చ, ఎవరికి తోచిన రంగు వాళ్ళు వేసుకున్నారు. గడప బయట కూడా ఎవరిష్టం వాళ్ళదైంది. కోటు వేసిన అయిదింటిలో మూడు, ఒకదాని తర్వాత ఒకటి, వానల్లో కూలాయి. కూలిన ప్రతిసారీ నన్ను పిలిచారు, ప్రతిసారీ వెళ్ళాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఆ వీధివాళ్ళ మర్యాద అది. తిడితే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

గచ్చు గోడకు సిమెంటు వేయకూడదన్న సంగతి ఇప్పుడు ఎవరైనా చెబుతారు, దాని కోసం ఇంత కథ అక్కర్లేదు. ఆ వీధి నాకు నేర్పింది వేరు. ఆ తర్వాత సర్వీసులో చేరి, ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. కల్వర్టులు కుంగాయి, స్కూలు గోడలు బీటలిచ్చాయి, ఒకసారి కొత్త బావి ఒరలతో సహా దిగబడింది. ప్రతి రిపోర్టులోనూ 'కారణం' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఎంత చిన్నదంటే, అందులో ఒక పేదవాడి పేరు సరిగ్గా పడుతుంది. బందరు తర్వాత నేను ఆ గడి నింపే ముందు విడిగా ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ పనిలో నేను చేసిందేమిటో, చూడాల్సి ఉండి చూడనిదేమిటో మొత్తం రాసేవాణ్ణి. అది రాయడం పూర్తయ్యేసరికి, అవతలివాడి మీద రాయడానికి చాలాసార్లు ఏమీ మిగిలేది కాదు.